రెండుగా కనిపించే అవ్వ

ధర్మవరంలోని ఆ సందులో తెల్లారడమంటే మరమగ్గాలు మొదలవడమే. రాఘవేంద్ర షెడ్డులో మోటార్లు అందుకోగానే పక్కింట్లో గిన్నెలు గలగలలాడేవి, సిద్దమ్మవ్వ రెండుగా కనిపించేది. కొత్త మోటార్లు వచ్చినప్పటి నుంచీ అంతే. మీటిన తీగలా ఒళ్లంతా వణికి అంచులు చెదిరిపోయేది. దారిన పోయేవాళ్లు ఇద్దరు అవ్వల్లో దగ్గరున్న అవ్వను పలకరించి పోయేవాళ్లు.

ముద్ద నోటిదాకా వెళ్లడం మానేశాక అది నవ్వులాట కాకుండా పోయింది. అవ్వ చిక్కి సగమైంది. పొద్దున్నే ఆ షెడ్డులో మగ్గాలకు స్విచ్ వేసేది ఆమె కొడుకు సురేంద్రే. వేగం తగ్గించమని అతను బతిమాలితే, అవ్వంటే తనకూ గౌరవమేననీ, ఆర్డర్లు మాత్రం ఆగవనీ రాఘవేంద్ర మర్యాదగానే చెప్పాడు. సురేంద్ర ఆమెను చెన్నేకొత్తపల్లిలో తన చెల్లెలింట్లో దించొస్తే, ఇక్కడ మగ్గం కదిలినప్పుడల్లా అవ్వ అక్కడా వణికింది.

మనవరాలు అశ్విని ఇంటర్లో బలాత్కృత డోలనాలు చదివింది. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటుంటుందనీ, బయటి ఊపు దానితో కలిస్తే అనునాదమనీ, ఆనుకున్నదేదో ఆ ఊపును తాగేస్తే తప్ప తగ్గదనీ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. అవ్వ ఒళ్లో ఇసుక మూట పెట్టింది. మూటా వణికింది. దుప్పట్లు చుట్టింది, అవీ వణికాయి. ఏం తోచక చెయ్యి పట్టుకుంది. వణుకు అశ్విని మోచేతిదాకా పాకి చల్లారింది. అవ్వ ఒక్క మనిషై సంగటి తినింది. సురేంద్ర పట్టుకుంటే మాత్రం తల్లీకొడుకులిద్దరూ వణికారు.

హిందూపురంలో డిగ్రీ సీటొచ్చింది అశ్వినికి, హాస్టల్‌తో సహా. బయల్దేరే పొద్దున ఆమెను ఎవరూ ఉండమనలేదు. అదే ఆమెకు మరీ కష్టమైంది. సురేంద్ర పెట్టె ఆటోలో పెట్టి షెడ్డుకు పోయాడు. ఆ రోజు స్విచ్ ఆలస్యంగా వేశాడు. అంతకంటే అతను చేయగలిగింది లేదు.

"రైలుకు టైమైతాండాది, పోమ్మా," అంది అవ్వ, చెయ్యి విడిపించుకుంటూ.

"నువ్వెట్ల తింటావు అవ్వా?"

"నేనెట్లో తింటాలే. నువ్వు పో."

అశ్విని ఆటో ఎక్కగానే మోటార్లు అందుకున్నాయి. ఇద్దరు అవ్వలూ నవ్వుతూ వెళ్లమని చేతులు ఊపారు. ఆటో కదలకముందే అశ్విని దిగొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. అవ్వ ఏడ్చింది కానీ ఈసారి విడిపించుకోలేదు. ఆటో అతను కాసేపు చూసి, పెట్టె గడప దగ్గర దించి వెళ్లిపోయాడు.

సాయంత్రం షెడ్డు ఆగాక అశ్విని చెయ్యి వదిలింది. అవ్వ కదలకుండా కూర్చుంది. అశ్విని చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది.