గుర్రం ఊపిరి వదిలేదాకా

వెండెల్ స్ట్రౌడ్ నాతో చెప్పిన మొదటి మాటే అబద్ధం. గుర్రమెక్కడం వచ్చా అని అడిగాను. గుర్రం మీదే పుట్టానన్నాడు. పుట్టింది ఫిలడెల్ఫియాలో, పళ్ల డాక్టరు ఇంట్లో. ఆ సంగతి ముందు గుర్రానికి తెలిసింది, తర్వాత నాకు. ఎవరైనా ఎడమవైపు నుంచి ఎక్కుతారు, వీడు కుడివైపు నుంచి ఎక్కబోయాడు మరి.

అప్పటికి నాకు ఇరవై రెండు, వాడికి ఇరవై నాలుగు. న్యూహాల్ కొండల్లో టీవీకి కౌబాయ్ కథలు తీసేవాళ్లు. గుర్రాలను చూసుకోవడం నా పని. వేషానికొచ్చిన ప్రతివాడూ ఆ అబద్ధమే చెప్పేవాడు, చెప్పకపోతే వేషం రాదు. పడితే లేపడం కూడా నా పనిలోదే. వీడు మాత్రం తనే లేచి, దుమ్ము దులుపుకుని, రేపు తెల్లారకముందే వస్తాను నేర్పమన్నాడు. వచ్చాడు.

నాకు మాట తక్కువ. మూడో తరగతితో బడి ఆగిపోయింది. మావాళ్లు పత్తి ఏరుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు, నేను వాళ్ల వెనక తిరిగాను. నేర్పడమంటే చేసి చూపించడమొక్కటే నాకు తెలుసు. నేను చేస్తుంటే వాడే పైకి చెప్పుకునేవాడు. వీపు తుడవాలి, కంబళి వెయ్యాలి, జీను వెయ్యాలి, పొట్టపట్టీ బిగించాలి, ఆగాలి, మళ్లీ బిగించాలి, కళ్లెం పెట్టాలి, మెడ తట్టాలి. మధ్యలో ఆగడమెందుకంటే గుర్రం దొంగది. పట్టీ బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. అది వదిలేదాకా ఆగి రెండోసారి బిగించాలి. ఆగనివాడు నాలుగడుగులు పోయేసరికి జీనుతో సహా గుర్రం పొట్టకింద ఉంటాడు. వెండెల్ అదీ చేసి చూశాడు, రెండో రోజు.

ఆ తర్వాత వాడు చావడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ దొంగల ముఠాలో రెండోవాడే. సారా కొట్లో చచ్చాడు, నీళ్లతొట్లో చచ్చాడు, మిద్దె మీంచి గడ్డిబండిలో పడి చచ్చాడు. వాళ్లమ్మ ఫోన్ చేసి, ఈ వారం ఎంతసేపు బతుకుతావురా అని అడిగేదట, వంట ఎప్పుడు పొయ్యి మీద పెట్టాలో చూసుకోవడానికి. కౌబాయ్ కథలు తగ్గాక ఆస్పత్రి కథలో డాక్టరు వేషం దొరికింది. తొమ్మిదేళ్లు అదే. కూరగాయల కొట్లో ఆడవాళ్లు వాడికి మోకాళ్లు చూపించేవాళ్లు. పళ్ల సంగతైతే కొంచెం తెలుసని మర్యాదగా చెప్పేవాడు. తర్వాత పెళ్లికూతురి తండ్రి, ఆ తర్వాత జడ్జి, ఆ తర్వాత తాత. హీరో మాత్రం కాలేదు. ఎందుకు కాలేదని నేను అడగలేదు. వాడూ ఎప్పుడూ ఏడవలేదు.

ఆదివారాలు నా కొట్టం ముందు కూర్చుని చిక్కుడుగింజల కూర తినేవాళ్లం. వాడు మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. ఇద్దరికీ సరిపోయేది.

డెబ్బై దాటాక మళ్లీ అవే కొండల్లోకి వచ్చాడు. ఆవులమందలున్న ముసలి ఆసామి వేషం. గుర్రాలు నావే. వయసు మీద పడిందని కంపెనీవాళ్లు వాణ్ణి గుర్రమెక్కనిచ్చేవాళ్లు కాదు. దూరం నుంచి తీసే సీన్లలో వాడి బట్టలేసుకుని ఇంకొకడు ఎక్కేవాడు. వెండెల్‌కి నచ్చని సంగతి ఆ ఒక్కటే. మూడో ఏడు రాసేవాళ్లు ఆ ఆసామిని చంపేద్దామనుకున్నారు. వెండెల్ సంబరపడ్డాడు. చావడం వాడికి బాగా చేతనైన పని. పైగా ఈసారి చావుకు ముందు ఒక పేజీ నిండా మాటలున్నాయి. అన్నేళ్లలో వాణ్ణి అంత మాట్లాడనిచ్చి ఎవరూ చంపలేదు.

సీను ఇది. వాగు నీళ్ల కోసం ఇరవై ఏళ్లు కొట్లాడిన పొరుగువాడు చూడటానికొస్తాడు. అరుగు మీద కుర్చీలో జబ్బుతో ఉన్న ఆసామి తన తప్పు ఒప్పుకుంటాడు.

కానీ ఆ మాటలు వాడి తలలో నిలవడం లేదు. రెండు పట్టుకుంటే మూడోది జారిపోతోంది. జబ్బేమీ కాదు, వయసేనన్నాడు డాక్టరు. డైరెక్టరు డెలియా చిన్న వయసు పిల్ల, మంచిది. చెవిలో కనపడని మిషను పెడతాం, లోపల ఒకరు అందిస్తుంటే మీరు చెప్పండి అంది. వాడు ఒకసారి పెట్టుకుని చూసి తీసేశాడు. శుక్రవారం నాటికి ఏ దారీ దొరక్కపోతే మాటలన్నీ తీసేస్తారు. పొరుగువాడు వచ్చేసరికి ఆసామి కుర్చీలో పోయి ఉంటాడు. ఆ సంగతి కూడా ఆ పిల్ల బాధపడుతూనే చెప్పింది.

మంగళవారం నా దగ్గరికొచ్చాడు. కూర ముట్టలేదు.

"చెవిలో ఇంకొకడు చెప్తుంటే, చచ్చేది వాడో నేనో తెలియట్లేదురా హోబీ," అన్నాడు.

ఆ మాటలున్న కాగితం నా చేతిలో పెట్టి చదవమన్నాడు. నేను అక్షరమక్షరం కూడబలుక్కుంటుంటే నవ్వాడు. నువ్వు చదివే లోపల ఆసామి రెండుసార్లు పోతాడన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాను. బిస్కట్ అని ఒక గోధుమరంగు గుర్రం, దాన్ని తిప్పే వేళయింది. వీపు తుడవడం మొదలుపెట్టాను. వెనక నుంచి వెండెల్ ఊరికే, పాత అలవాటుకొద్దీ అందుకున్నాడు. వీపు తుడవాలి, కంబళి వెయ్యాలి, జీను వెయ్యాలి. ఒక్కటీ తప్పలేదు.

నా చెయ్యి ఆగింది. వాడివైపు చూశాను. వాడు నా చేతిలో బ్రష్షు చూశాడు, తర్వాత నా జేబు చూశాడు.

ఆ మూడు రోజులూ బిస్కట్ వీపు మీద ఎన్నిసార్లు జీను ఎక్కిందో, ఎన్నిసార్లు దిగిందో. తుడిచేటప్పుడు మొదటి మాట, కంబళి వేస్తే రెండోది. అలా ఒక్కో పనికి ఒక్కో మాట కట్టుకున్నాడు. గురువారం సాయంత్రానికి మెడ తట్టేదాకా గుక్కతిప్పుకోకుండా వచ్చేశాడు. ఆ రాత్రి డెలియాకి ఫోన్ చేసి, ఆసామి గుర్రానికి జీను కడుతూ మాట్లాడితే బాగుంటుంది కదా అన్నాడట. మంచం పట్టినవాడు జీనెలా ఎత్తుతాడండీ అందట ఆ పిల్ల. ఆమె అన్నదీ నిజమే.

శుక్రవారం వెండెల్ అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్లో రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని. మొదటిసారి రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. రెండోసారి ఒక్క మాటే. డెలియా వెళ్లి వాడి పక్కన గొంతుక్కూర్చుని ఏదో మెల్లగా చెప్పింది. వాడు తలూపాడు. ఒక్క పది నిమిషాలివ్వమని అడగడం నాకు వినిపించింది.

నేను బిస్కట్‌ని తోలుకొచ్చి కెమెరా పక్కన నిలబెట్టాను. పొరుగువాడి వేషం వేసిన గ్రాడీ అక్కడే నిలబడి ఉన్నాడు. కెమెరా వెండెల్ ముఖం మీదున్నంతసేపూ వెండెల్ చూడాల్సింది అతనివైపే.

కొంచెం జరుగు బాబూ అన్నాను. జరిగాడు.

డెలియా కింద పనిచేసే ట్రెంట్ పరుగెత్తుకొచ్చి, తాతా, ఈ సీన్లో గుర్రం లేదు అన్నాడు. ఉండదులే అన్నాను. డెలియా నన్ను చూసింది, పక్కన పెట్టిన జీను చూసింది, వెండెల్‌ని చూసింది.

"చప్పుడు చేస్తుందా?" అంది.

"నా అంత," అన్నాను.

కెమెరా ఆన్ చేశారు. నేను వీపు తుడిచాను.

"కూర్చో. ఆ కుర్చీ ఇరవై ఏళ్లుగా నీకోసమే ఖాళీగా ఉంది," అన్నాడు వెండెల్.

కంబళి వేశాను. "వాగు మా నాన్నదని నేనన్నాను, మీ నాన్నదని నువ్వన్నావు," అన్నాడు. జీను వేశాను. వాళ్లిద్దరూ పోయారు, వాగు అలాగే ఉంది అన్నాడు. పట్టీ బిగించాను.

"నీ కంచె తెంపింది నేనే."

అక్కడ ఆగాలి. బిస్కట్ ఊపిరి బిగబట్టింది. ఎప్పుడూ అయిదారు లెక్కపెట్టేలోపల వదిలేస్తుంది. ఇవాళ అన్ని దీపాలు, అంతమంది మనుషులు, వదల్లేదు. వెండెల్ కళ్లు దాని పొట్ట మీదే ఉన్నాయి. నా చెయ్యి పట్టీ మీదుంది. ఉత్తినే లాగితే వాడికి తెలిసిపోతుంది, ఆ వరసే చెదిరిపోతుంది. ట్రెంట్ డెలియావైపు చూశాడు. ఆపమనడానికి ఆ పిల్ల చెయ్యి సగం లేచి ఆగింది. నేను ఆగాను. వాడూ ఆగాడు. యాభై ఏళ్లలో ఏ గుర్రాన్నీ నేను మనసులో అంతగా తిట్టుకోలేదు.

పొట్ట దిగింది. బిగించాను.

"నీ దూడలు నీళ్లకొస్తే మాత్రం ఏనాడూ తరమలేదు. అదొక్కటి గుర్తుపెట్టుకో," అన్నాడు.

కళ్లెం పెట్టాను. గేటు తీసే ఉంచాననీ, ఇక ముయ్యననీ చెప్పాడు. మెడ తట్టాను. చీకటి పడకముందే ఇంటికెళ్లమన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

డెలియా ముక్కు తుడుచుకుంటూ అరుగెక్కింది. కంచె మాట చెప్పాక ఆ ఆగడం ఉందే, అలాంటిది నేనెక్కడా చూడలేదు, అప్పుడు మీ మనసులో ఏముందండీ అని అడిగింది. వెండెల్ కొండలవైపు చూశాడు. ఇరవై ఏళ్ల పగ అన్నాడు. నావైపు మాత్రం చూడలేదు.

వెండెల్ స్ట్రౌడ్ పని ఇంతటితో అయిపోయిందని ట్రెంట్ అరిచి చెప్పాడు. ఎవరి పనైనా అయిపోయిన రోజున మావాళ్లంతా చప్పట్లు కొడతారు. ఈసారి వంటబండివాళ్లు కూడా గరిటెలు పట్టుకునే వచ్చి కొట్టారు. వాడు టోపీ తీసి అందరికీ తలవంచి, అరుగు దిగి తిన్నగా బిస్కట్ దగ్గరికొచ్చాడు. మీరు ఎక్కకూడదు సార్, కంపెనీ ఒప్పుకోదు అని ట్రెంట్ అడ్డమొచ్చాడు.

"చప్పట్లు కొట్టేశారుగా బాబూ. ఇక నేను మీ మనిషిని కాను," అన్నాడు వెండెల్.

నేను పెట్టె ఒకటి తెచ్చి వేశాను. ఎడమవైపు నుంచే ఎక్కాడు. కళ్లెం నేను పట్టుకోలేదు.