నిద్ర పొడి, ఉయ్యాల తాడు

రుచి చూడని సరుకు మా మావయ్య అమ్మరు. నరసన్నపేట బజారులో మా పచారీ కొట్టుకున్న పేరంతా దానివల్లే వచ్చిందని ఆయన నమ్మకం. కొత్త బెల్లం దిగితే ఒక ముక్క నోట్లో వేసుకుంటారు. కందిపప్పు కొరికి చూస్తారు. బట్టల సబ్బు వస్తే ముందు ఆయన చొక్కా ఉతకాలి. దోమల కాయిల్ వస్తే ముందు ఆయన గదిలో వెలగాలి. ఒకసారి గేదెల దాణా కూడా నోట్లో వేసుకున్నారని మా అత్తయ్య పార్వతీదేవి ఇప్పటికీ చెబుతుంది. "పాలేమైనా ఇచ్చారేటని అడక్కు అర్సనా, ఒక్క సుక్క ఇవ్వలేదు" అని నాతో అంటుంది.

అలాంటి మనిషి దగ్గరికి ఒక కంపెనీ ఆయన నిద్ర పొడి డబ్బాలు తెచ్చిపెట్టి వెళ్లాడు. ఆ రోజు మధ్యాహ్నం మావయ్య అన్నం కలుపుతూ దాని సంగతంతా మాకు చెప్పారు.

"ఒంట్లో కార్టిసాల్ అని ఒకటి ఉంటాదట. దిగులు పడితే అది పెరుగుతాదట. పెరిగితే నిద్ర పట్టదట. నిద్ర లేకపోతే మనిషి బేగి ముసలోడైపోతాడట. ఈ పొడి పాలలో కలుపుకుని తాగితే మూడూ ఒక్కసారే తగ్గుతాయట."

"ముసలితనం కూడానేటి? అయితే మీ మీసానికి రంగు కొనక్కర్లేదు," అంది అత్తయ్య.

"నీ ఎకసెక్కాలు ఆపు. ఇందులో ఉన్నది పెన్నేరుగడ్డే. మా నాన్న కాలంలో మన కొట్లో అమ్మిందే. ఇప్పుడు అశ్వగంధ అని డబ్బాలో పోసేసరికి గొప్పదైపోనాది."

"తెలిసిందే కదా, మరి అమ్మీయండి."

"ఎలాగ అమ్ముతాను? పనిచేస్తాదో లేదో సూడాలి కదా!"

చిక్కు అక్కడే వచ్చింది. మావయ్య ఆ పొడి తాగారు, హాయిగా నిద్రపోయారు. కానీ ఆయన తాగకపోయినా నిద్రపోతారు. తూకం వేస్తూ వేస్తూ కునుకు తీసే మనిషి. అత్తయ్య థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. డాక్టరుని అడక్కుండా దానిమీద ఇంకేదీ తాగనంది. మా ఆయన ప్రమోద్ పొద్దున్నే వేన్‌లో సరుకు వేసుకుని పల్లెల్లో కొట్లకి తిరగాలి. "నాకొద్దు నాన్నా, స్టీరింగ్ మీద నిద్రొస్తే మీ పొడి పేరు పేపర్లో పడతాది" అన్నాడు.

ముగ్గురూ నా వైపు చూశారు.

ఆ ఇంట్లో నిద్ర లేనిది నాకొక్కదానికే. మా పాపకి అప్పటికి ఐదో నెల. అది ఏడ్చి నన్ను లేపేస్తుందని అందరూ అనుకునేవారు. నిజానికి అది ఏడిస్తే నాకు ధైర్యంగా ఉండేది. నిద్రపోతేనే భయం. ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలేది. పడుకునేదాన్ని. అంతలోనే మళ్లీ అనుమానం వచ్చేది. అలా తెల్లారిపోయేది. పగలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని, స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయేదాన్ని. ఈ భయం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ మాటే నిజమవుతుందేమోనని ఇంకో భయం.

"అమ్మా అర్సనా, నువ్వు తాగి సూడు తల్లీ. నీకు నిద్ర పట్టిందంటే ఈ పొడి మంచిదే," అన్నారు మావయ్య. ఆయన మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. పొడి సంగతి ఎలా ఉన్నా, నేను నిద్రపోవాలన్న ఆశ ఆ మొహంలో కనబడింది.

పరీక్ష అంటే పరీక్షలాగే చేశారాయన. "మందు తాగి పడుకున్న మనిషిని గుంట ఏడ్చి లేపేస్తే మందు గొప్పతనం మనకెలాగ తెలుస్తాది?" అని ఉయ్యాలని కొట్లోకి మార్పించారు. కొట్లో వెనకవైపు దూలానికి అత్తయ్య పాత చీర కట్టి పాపని అందులో వేశారు. ఉయ్యాలకి ఒక తాడు కట్టి, రెండో కొస తన కాలి బొటనవేలికి తగిలించుకున్నారు. చేతులతో చింతపండు తూచేవారు, కాలితో మనవరాలిని ఊపేవారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య స్టీలు గ్లాసుతో పాలు తెచ్చి ఇచ్చేది. పసుపు రంగుగా, ఘాటుగా ఉండేవి. "కళ్లు మూసుకుని తాగీయే" అనేది. తాగి, గదిలో చాప వేసుకుని పడుకునేదాన్ని. మొదటి రోజు చెవి కొట్టు వైపే ఉంది. ఉయ్యాల కిర్రు కిర్రుమంటోంది. మధ్యలో మావయ్య గొంతు, "పావుకిలో సాలా?" అని. కిర్రు కిర్రు. అది వింటూ వింటూ ఎప్పుడు పడిపోయానో తెలీదు. జాకెట్టు పాలతో తడిసిపోతే మెలకువ వచ్చింది.

తర్వాత రోజూ అంతే. నా మొహంలో కళ వచ్చిందని ఎదురింటివాళ్లు అన్నారు. మావయ్య ఆనందం చూడాలి. ఒక పొద్దున్న నల్ల పలక తీసి సుద్దముక్కతో రాసి కొట్టు ముందు వేలాడదీశారు. "నిద్ర పొడి. మా ఇంట్లో వాడి చూసినది."

ఆ పలక చూసి నాకూ సంతోషమే వేసింది. పాపకి పాలివ్వడానికి కొట్లోకి వెళ్లినప్పుడు ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్లి కుదిరి నా చదువు ఆగిపోయింది. ఇంగ్లీషు గబగబా చదవలేను, కూడబలుక్కోవాలి. పైన పెద్ద అక్షరాలన్నీ గొప్పలే. కింద, చీమల బారులా ఉన్న అక్షరాల్లో, ప్రెగ్నెంట్ అన్న మాట పోల్చుకున్నాను. దాని ముందు వాడకూడదని ఉంది. దాని పక్కన ఇంకో మాట ఉంది, అది తెలీదు. ఫోన్‌లో ఒక్కో అక్షరం కొట్టి అడిగాను. పాలిచ్చే తల్లులు అని వచ్చింది.

ఇన్నాళ్లూ తాగాను. ఇన్నాళ్లూ పాలిచ్చాను. ఉయ్యాల వైపు చూశాను. పాప నిద్రపోతోంది. ఈమధ్య కొట్లో ఎంత బాగా నిద్రపోతోందో అని అందరం మురిసిపోయాం. ఆ నిద్ర నా పాలలోంచి వచ్చిందా? వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగానే ఉంది. అరికాలు గిల్లాను. కాలు లాక్కుందే కానీ లేవలేదు. ఇంకాస్త గట్టిగా గిల్లాను. కెవ్వుమంది. ఎత్తుకుని గుండెకి అదుముకున్నాను. ఆ ఏడుపంత తియ్యటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

సరిగ్గా అప్పుడే కొట్టు ముందుకి రాణి వచ్చింది. రేవు ఊరినుంచి ఆటోలో చేపలు తెచ్చి పేటలో అమ్మే మనిషి. చేపలు అమ్ముడయ్యాక మా దగ్గరే సామాన్లు కొంటుంది. చంకలో పాలు తాగే పిల్లాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"బాబూ, ఏటో పొడట కదా! మీ కోడలమ్మ తాగి నిద్దరోయిందట. నాకూ ఒక డబ్బా ఇయ్యి. ఈ గుంటడు నన్ను కన్ను మూయనిస్తే ఒట్టు."

"ఇస్తాను ఇస్తాను, మొదటి బేరం నీదే," మావయ్య డబ్బా అందుకున్నారు.

కొట్లో బేరం మధ్య నేనెప్పుడూ నోరెత్తలేదు. ఆయన మాటకి ఎదురు చెప్పిందీ లేదు. పలక మీద ఆయన రాసిన అక్షరాలు అక్కడే వేలాడుతున్నాయి.

"ఇవ్వకండి మావయ్యా!" అని అరిచాను.

మావయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఏటమ్మా?"

"పాలిచ్చేవాళ్లు తాగకూడదట. డబ్బా మీద రాసుంది. నేను తాగీసేను, మావయ్యా. పాపకి ఏమవుతాదో, ఏటో..." పాపతోపాటు నేనూ ఏడుపు అందుకున్నాను.

మావయ్య మొహం పాలిపోయింది. "నేనే తాగమన్నాను కదే తల్లీ," అన్నారు. లేవబోయి, వేలికున్న తాడు లాగితే మళ్లీ కూలబడ్డారు. "పార్వతీ! ప్రమోద్‌కి ఫోన్ చెయ్యి! వేన్ తెమ్మను, ఆస్పత్రికి ఎల్దాం!"

అత్తయ్య తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటకి వచ్చింది. నన్ను చూసింది, డబ్బా చూసింది.

"ఎందుకే ఏడుపు? నువ్వది తాగితే కదా!"

"రోజూ తాగేను కదా అత్తయ్యా."

"నువ్వు తాగింది పసుపు, మిరియాలు. నేను నీకు ఆ పొడి ఎప్పుడు కలిపేను? సంటిపిల్ల తల్లికి ఊరూపేరూ తెలీని కంపెనీ పొడి పోస్తానేటే? టీకాలకి వచ్చే నర్సమ్మ అనూరాధని ముందే అడిగేను. వద్దంది."

నేను అక్కడే బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పాప నా తాళి పట్టుకుని చప్పరిస్తోంది.

"మరి నాకెందుకు సెప్పలేదు?" అన్నారు మావయ్య, ఊపిరి అందాక.

"సెబితే మీరు పరీక్ష మానీసేవారు. మానీస్తే గుంటని మళ్లీ దీని ఒళ్లోనే పడీసేవారు. ఉయ్యాల కొట్లో ఉన్నాదనే కదా, ఇది నాలుగు రోజులై మనిషిలాగ ఉన్నాది."

"అయితే పొడి లేకుండా దీనికి నిద్రెలాగ పట్టినాది?"

"మీ బొటనవేలు సూసుకోండి."

ఆయన చూసుకున్నారు. తాడు ఒరుసుకుని వేలు ఎర్రగా కందిపోయి ఉంది. కూర్చున్న చోటినుంచే చెయ్యి చాపి పలక తీసి, పంచె కొసతో తుడిచేశారు.

"మొదటి బేరమే పోయినాది కదా బాబూ," రాణి నవ్వబోయింది, కానీ ఆవులింత వచ్చింది. "పోన్లే. పొడి లేదు, మరి నాకేటి దారి? మా ఇంటాయన ఎల్లాజీ గుజరాత్‌లో వీరావల్ బోటు మీద సేపలకి ఎల్లిపోనాడు. మా అత్తకి కళ్లు కనపడవు. గుంటణ్ని సూసేదెవరు?"

మావయ్య గొంతు సవరించుకున్నారు.

"మీ ఆటో ఎప్పుడు?"

"ఇంకా సేపున్నాది."

"పార్వతీ, ఆ దూలానికి ఇంకో కొక్కెం ఉన్నాది కదా?"

అత్తయ్య లోపలికి వెళ్లి ఒక పాత పొందూరు పంచె పట్టుకొచ్చింది. "అది నాది! ఇంకా సిరగలేదు!" అని మావయ్య మొత్తుకున్నారు. ఆవిడ వినిపించుకోకుండా కొక్కేనికి ముడి వేసి, రాణి చంకలోంచి పిల్లాణ్ని అందుకుంది. ముక్కు చిట్లించింది. "సేపల కంపేటే వీడు?"

"సేపలమ్మే దాని కొడుకు మల్లెపూల వాసనొస్తాడేటమ్మా?"

"బాగానే ఉన్నాది నోరు. ఎల్లు, ఆ బస్తాల పక్కన తొంగో."

రాణి సిగ్గుపడుతూనే గోనెపట్టా పరుచుకుని ఒరిగింది. ఇంకేదో చెబుతోంది, వీరావల్‌నుంచి ఎల్లాజీ ఫోన్ చేశాడని. ఆ మాట సగంలోనే గుర్రు వచ్చేసింది. బజారులో లారీ హారన్ మోగినా కదల్లేదు.

నేను పాపకి పాలిచ్చి ఉయ్యాలలో వేశాను. మావయ్య రెండో తాడు ఎడమ బొటనవేలికి కట్టుకున్నారు. రెండు కాళ్లూ తొక్కుతూ సైకిల్ మీద వెళుతున్నట్టున్నారు.

"ఇకమీద కొత్త డబ్బా ఏదొచ్చినా నేను రుచి సూస్తాను, నువ్వు సదువు. రెండూ అయ్యాకే అమ్మకం," అన్నారు నాతో.

"నాకు కూడబలుక్కోవాలి మావయ్యా. ఆలస్యమవుతాది."

"అవనీ. తొందరపడే బేరం మనకెందుకు?"

ఇంతలో ఒకాయన వచ్చి అరకిలో బెల్లం అడిగాడు. మావయ్య లేవలేరు. నేను లేచాను. కత్తితో బెల్లం కొడుతూ ఉయ్యాలల వైపు చూశాను. ఇద్దరూ నిద్రలో ఉన్నారు. అలవాటు ప్రకారం మళ్లీ అనుమానం వచ్చింది. కత్తి పక్కన పెట్టి, వేలు చాపుకుంటూ అటు నడిచాను.

"సూసేను," అన్నారు మావయ్య మెల్లిగా, వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడే సూసేను. రోజూ సూస్తూనే ఉంటాను, ముక్కు దగ్గర సెయ్యి పెట్టి. ఇద్దరికీ ఊపిరి సక్కగా ఆడతన్నాది. నువ్వు ఎల్లి బెల్లం తూసు."

నేను వెళ్లి కత్తి తీసుకున్నాను.

"ముందు ముక్క నోట్లో వేసుకోవమ్మా," అన్నారాయన.