హేమ్లి నూనె డబ్బా

ఎనభై తొమ్మిదిలో టేకులపల్లి బస్ స్టేజీ దగ్గర హేమ్లి మిరపకాయ బజ్జీలు వేసేది. వాటికోసం కొత్తగూడెం బస్సు డ్రైవరు అయిదు నిమిషాలు ఆపేవాడు. టైంటేబుల్లో ఆ అయిదు నిమిషాలు లేవు. మా ఆయనకు అక్కడి బ్యాంకులో ఉద్యోగం. నాకు బి.ఏ. డిగ్రీ, బోలెడన్ని సాయంత్రాలు. అందుకని నేనూ రోజూ ఆ పొయ్యి దగ్గరే తేలేదాన్ని.

హేమ్లి భర్త హరిలాల్ చెంచురామయ్యగారి మిర్చితోటలో పురుగుమందు కొట్టేవాడు. ఆ చలికాలం కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇక ఇల్లు గడవాలంటే ఈ బజ్జీలే.

మందు కొట్టినవాడికే ఖాళీ డబ్బా చెందడం అక్కడి మామూలు. బిగుతు మూత, చుక్క కారదు. హేమ్లి వాళ్ల తండాలో అలాంటి డబ్బా లేని ఇల్లు లేదు. అక్కణ్ణుంచి స్టేజీకి రెండు మైళ్ల నడక. నూనె ఒలక్కుండా తెచ్చుకోవడానికి హేమ్లి అలాంటి డబ్బానే ఒకదాన్ని బూడిదతో, చింతపండుతో తోమి, మూడు రోజులు ఎండబెట్టి వాడుకుంది.

డబ్బా మీది కాగితం సగం ఊడిపోయింది. మిగిలిన సగం ఇంగ్లీషు. చదువుకున్న మనిషికి కాగితం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు ఒకటి ఉంటుంది.

"ఇది పురుగుమందు డబ్బా కదా, హేమ్లీ?" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. నేను మెల్లగా మాట్లాడితే మూడిళ్ల అవతలికి వినబడుతుందని మా ఆయన పెళ్లయిన వారానికే చెప్పాడు.

"అవ్ అమ్మా. మంచిగ కడిగిన," అంది హేమ్లి, బజ్జీలు తిప్పుతూ.

పక్కనే చెంచురామయ్యగారి భార్య రాఘవమ్మగారు మూడో బజ్జీలో ఉన్నారు. "ఓయమ్మో! మాకు విషం పెట్టావటే!" అని ఉమ్మేశారు. బస్సు దిగినవాళ్లంతా చేతుల్లోని బజ్జీలు అక్కడే పడేశారు. రాఘవమ్మగారు దవాఖానాకు కూడా వెళ్లారు. డాక్టరుకు ఎంత వెతికినా జబ్బు దొరకలేదు. ఆవిడ చిన్నబుచ్చుకోకూడదని అజీర్తి మందు ఇచ్చి పంపాడు. ఎవరికీ ఏమీ కాలేదు, హేమ్లికి తప్ప.

మర్నాడు డ్రైవరు బస్సు ఆపీ ఆపకుండానే లాగించేశాడు.

కొత్త స్టీలు క్యాను, కొత్త నూనె నేనే కొనిచ్చాను. అంతటితో ఊరుకున్నానా! స్టేజీలో నిలబడి, దిగినవాళ్లందరితో "ఇప్పుడు స్టీలు క్యానే, భయం లేదు, తినండి," అని చెప్పడం మొదలుపెట్టాను.

"భయమేంది? మొదలు ఏముండె?" అని వాళ్లు అడిగేవాళ్లు.

నాకు అబద్ధం రాదు. సంగతి తెలియని, బూర్గంపాడు నుంచి వచ్చినవాళ్లకు కూడా అలా నేనే తెలియజేశాను. మూడో రోజు హేమ్లి నా చెయ్యి పట్టుకుని, "నీకు దండం పెడత అమ్మా, ఇగ చెప్పకు," అంది.

రెండు వారాలు రోజుకు ఒక్క వాయే వేసి, అమ్ముడుపోక చల్లారినవి మూట గట్టుకుని పోయింది. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర ఇద్దరమే ఉన్నాం.

"తోటల మిర్చి మీద గదే మందు కొడ్తరు. మిర్చి తింటరు. డబ్బాను జూస్తెనే భయం," అంది.

రోడ్డు అవతల నలుగురు బస్సు కోసం నిలబడి మావైపే చూస్తున్నారు. హేమ్లి వేడి బజ్జీ ఒకటి కాగితంలో పెట్టి నా చేతికిచ్చింది.

"తిను అమ్మా. నువ్ తినంగ జూస్తే వాళ్లొస్తరు."

క్యాను నేను కొన్నదే. నూనె నా కళ్ల ముందే పోసింది. బజ్జీ నోటిదాకా తెచ్చాను. నోరు తెరుచుకోలేదు.

"వేడిగా ఉంది, చల్లారనీ," అన్నాను.

హేమ్లి నా ముఖంలోకి చూసింది. తర్వాత వంగి, పొయ్యిలోంచి కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి, నీళ్లు చల్లింది.