ముప్పై ఎనిమిది శాతం

నేను ఒక తెల్ల కరెంటు కారును. నాలుగేళ్లు విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగులను మోశాను. రోజుకు రెండుసార్లు ఎండలోనే పెద్ద చార్జరు తగిలించి హడావిడిగా నింపేవారు. అలా నింపగా నింపగా నా బ్యాటరీ లోపల డొల్లబారింది. పైకి మాత్రం పెయింటు మెరుస్తూనే ఉంది. మనుషులు కొనేది దాన్నే.

నన్ను కొన్న కూర్మారావు కవిటి దగ్గర పల్లెవాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంజను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగల మనిషి. నాకు చప్పుడే లేదు. పది నిమిషాలు నడిపి చూసి, తల ఊపి, తాళాలు తీసుకున్నాడు.

ఆయన భార్య దమయంతికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు ఆమె వాంతులు చేసుకునేది. అందుకోసం నేను.

నా చార్జింగు కోసం కూర్మారావు పంచలోకి లావుపాటి వైరు లాగాడు. ఎర్తుకు తానే గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ పోశాడు. తోటల్లో మోటార్లు వేస్తే వోల్టేజి పడిపోయి నా చార్జింగు ఆగేది. నిండడానికి ఒక పగలంతా పట్టేది. దమయంతి గుమ్మంలో కూర్చుని నన్ను చూసేది.

"నన్నూ దీన్నీ ఒక్కలాగే వైర్లకి కట్టేసినారు," అందొకసారి. కూర్మారావు నవ్వలేదు.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఆ తరువాత ఒక తుఫానుకు స్తంభాలు పడిపోయి ఊరికి కరెంటు పోయింది. సోమవారం డయాలసిస్ తప్పింది. బుధవారం ఉదయానికి దమయంతి కాళ్లు పొంగి, ఊపిరి బరువెక్కింది. నా తెర మీద ముప్పై ఎనిమిది శాతం కనిపిస్తోంది. పలాసకు ముప్పై చాలు.

పక్కింటి చలపతి డీజిలు ఆటో తీస్తానన్నాడు.

"ఆటోలో అయితే కుదుపులకి చచ్చిపోద్ది," అన్నాడు కూర్మారావు.

"పోయిన నెల ముప్పై నుంచి ఒక్కసారే పన్నెండుకి దిగిపోనాది, గుర్తు నేదా?" అంది దమయంతి. "ఆటోలో ఎల్దామండి."

"అది వంతెన ఎత్తు ఎక్కినప్పుడు. నేను తోల్తాను కదా."

ఏసీ వేయలేదు. వైపర్లు కూడా ఆపి ఆపి వేస్తూ నడిపాడు. సోంపేట దాటాక నా అంకె ఇరవై నాలుగు నుంచి ఒక్కసారిగా పదకొండుకు, తరువాత నాలుగుకు పడింది. రోడ్డు వారకు చేరి ఆగిపోయాను.

"ఇంకెంత దూరం?" అంది దమయంతి వెనక సీటులోంచి.

"వచ్చేసినాం."

ఆయన వానలో దిగి నన్ను వెనక నుంచి తోశాడు. అరవై ఏళ్ల మనిషి ఎంత దూరం తోయగలడు? అంబులెన్సుకు ఫోను చేస్తే దారిలో చెట్లు పడ్డాయి, తీసేదాకా రాలేమన్నారు. చాలాసేపటికి ఒక కొబ్బరికాయల లారీ ఆగింది. డ్రైవరూ ఆయనా కలిసి ఆమెను ఎత్తి క్యాబినులో కూర్చోబెట్టారు. ఆమె చెప్పులు నాలోనే ఉండిపోయాయి.

పలాస చేరకముందే దమయంతి పోయింది.

ఐదో రోజున చలపతి ట్రాక్టరు తెచ్చి నన్ను ఇంటికి లాక్కొచ్చాడు. కూర్మారావు నా స్టీరింగు ముందు కూర్చున్నాడు. "బస్సయితే ముందే చెప్పీది," అన్నాడు. దమయంతి కూడా ముందే చెప్పింది. ఆ మాట ఆయన అనలేదు. నాకు అనే నోరు లేదు.

కొనడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆయన ఎవరికీ చూపించలేదు. పాత ఇనుము వాడిని పిలిచాడు. నన్ను లాక్కెళ్లే ముందు ఎర్ర రంగు తెచ్చి, ముందు అద్దం మీద వంకర అక్షరాలతో రాశాడు: 'బ్యాటరీ చెడిపోయింది. జబ్బు మనిషిని ఎక్కించకండి.'

"ముక్కలు చేసీదానికి ఈ రాత ఏటికండీ?" అన్నాడు ఇనుము వాడు.

"ముక్కలు చేసినదాకా కారే గదా," అన్నాడు కూర్మారావు, కుంచె కడుక్కుంటూ.