ఎనిమిది వందల పన్నెండు గజాలు

"భాస్కర్ రిసీవరు కదా! ఈ యేడు ఎనిమిది వందల పన్నెండు యార్డులు. ఇంకొక్కపాలి పట్టుకుంటే నూట యాభై అయిపోద్ది."

వరండాలో కూతురు తార ఫోన్లో ఎవరితోనో అంటున్న ఈ మాట చెవిన పడి, లోపల ఇస్త్రీ చేస్తున్న తాయారమ్మ చేయి ఆగిపోయింది. కరెంటు ఉన్న కాస్సేపట్లోనే బట్టలన్నీ తెమల్చాలన్న తొందర కూడా మరిచిపోయింది. మొగుడు సత్తిరాజు లుంగీ కమురు వాసన వేశాక గాని ఇస్త్రీపెట్టె ఎత్తలేదు.

రిసీవరు! బర్మాలోని ఈ అహ్లోన్ రేవులో మూటలు మోసినవాళ్ల ఇళ్లలో పుట్టినవారికి ఆ మాటకు ఒకటే అర్థం. ఓడలోంచి దిగిన సరుకులో ఒక మూట దారి తప్పితే, దాన్ని చాటుగా అందుకునేవాడు రిసీవరు. తాయారమ్మ అక్క సన్యాసమ్మ మొగుడు అలాంటివాడే. పాప్లిను, వాయిలు, ఏ గుడ్డ దొరికితే అది గజాల లెక్కన అందుకునేవాడు. ఒకసారి పట్టుకున్నారు, వదిలేశారు. మరోసారి పట్టుకున్నారు, జైల్లో వేశారు. అక్క మెడలో పసుపుతాడు తప్ప ఏమీ మిగల్లేదు. "రిసీవరుకి పిల్లనిచ్చీకన్నా రేవులోకి తోసీడం నయం" అని వాళ్ల నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ అహ్లోన్ నుంచే తారకు సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు భాస్కర్, తార చదివే కాలేజీలోనే ఆఖరి సంవత్సరం. అతని తల్లి లక్ష్మీదుర్గ ఆదివారం మాట తీసుకోవడానికి వస్తానంది. "పిల్ల సంగతి నీకే తెలుసు, నువ్వే చెప్పీ" అని సత్తిరాజు భారమంతా పెళ్లాం మీద పెట్టేశాడు. ఇస్తామనో ఇవ్వమనో చెప్పాల్సింది తాయారమ్మే.

నూట నలభై తొమ్మిదిసార్లు పట్టుకున్నా మారనివాడికా, పిల్లనిచ్చేది?

"ఏటే, ఆ గజాలేటి?" అంటూ వరండాలోకి వచ్చింది.

తార ఫోను దించింది. "ఏ గజాలమ్మా?"

"అదే, మీ భాస్కర్ అందుకున్న గుడ్డ. అన్నిపాలీలు పట్టుకున్నారంట. నాకు సెవుడనుకున్నావా?"

తార తెల్లమొహం వేసింది. తర్వాత గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. "పోలీసులు కాదమ్మా, ఆయనే పట్టుకున్నాడు. బంతి! అమెరికా ఫుట్‌బాల్. ఒకడు దూరంనించి ఇసుర్తాడు, రిసీవరు పరిగెట్టి, నేలకి తగలకుండా పట్టుకుంటాడు. దాంతో ఎంతదూరం ముందుకెళ్తే అన్ని యార్డులు."

"ఫుట్‌బాలంటే కాల్తో కదే ఆడీది? సేత్తో పట్టుకునీదేటి? నన్ను ఎర్రిదాన్ని సెయ్యకు."

తార వేళ్లు మడుస్తూ అంతా చెప్పుకొచ్చింది. మొదటేడు భాస్కర్‌ని బెంచీ మీదే కూర్చోబెట్టారు, పదకొండే పట్టాడు. రెండో ఏడు నలభై మూడు. మూడో ఏడు భుజం జారి సగం ఆటలు పోయాయి, ఇరవై తొమ్మిది. ఈ యేడు అరవై ఆరు. ఆ కాలేజీలో నూట యాభై పట్టినవాడు ఇంతవరకు లేడు. శనివారం ఆఖరి ఆట.

తాయారమ్మకు నమ్మకం కుదరలేదు. భుజం జారినవాడు మరుసటేడు రెండింతలు ఎలా పడతాడు?

"ఈ లెక్కలన్నీ ఎవులు రాస్తారు?"

"నేనే. స్కోరర్ని" అంది తార, గొప్పగా.

ఆ జవాబు దగ్గర తాయారమ్మ ఆగలేదు. ఆవిడ అనుమానమంతా అబ్బాయి మీదే. "అయితే శనివారం నానూ వొస్తాను" అంది.

తామ్వేలోని ఆట మైదానానికి గొడుగు పట్టుకుని వెళ్లి, హద్దు గీతకు దగ్గరగా, స్కోరు బల్ల వెనకాల కూర్చుంది. బంతి ఉందన్నమాట నిజమే, పీచు తీయని కొబ్బరికాయలా ఉంది. ఆటగాళ్ల నడుములకు పట్టీలు వేలాడుతున్నాయి. బంతి ఉన్నవాడి పట్టీ అవతలివాడు లాగేస్తే ఆట అక్కడికి ఆగుతోంది. బాగానే ఉంది. కాని భాస్కర్ వాలకమే బాగాలేదు.

ఆట మొదలయ్యే ముందు అందరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. ఈ ఎండలో భాస్కర్ చేతులకు గ్లవ్స్ తొడిగాడు. వేలిముద్రలు పడకుండానా? ఎడమకు వెళ్తున్నట్టు వెళ్లి కుడికి తిరిగాడు. పైగా పరిగెత్తినంతసేపూ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. సరుకు అందుకుని పోయేవాడే అలా పరిగెడతాడు. బావ నడకా అచ్చం ఇలాగే ఉండేది.

ఆట ముగియవస్తోంది. బంతి తనకు రాని ప్రతిసారీ భాస్కర్ ముఖం మాడ్చుకుంటాడేమోనని చూసింది. మాడ్చుకోలేదు. అది కూడా అనుమానంగానే తోచింది.

అప్పుడు బంతి గాలిలో ఎత్తుగా లేచి, గీత వైపు, తిన్నగా తాయారమ్మ గొడుగు వైపే వచ్చింది. భాస్కర్ ఎగిరి, వాలిపోతూ, దాన్ని రెండు చేతులతో లాక్కుని పడ్డాడు. అతని వేళ్లకింద బంతి కొస నేలను తాకి, చిటికెడు దుమ్ము లేచింది. తాయారమ్మ కళ్లారా చూసింది. దూరంగా ఉన్న రిఫరీ చెయ్యి ఊపి పట్టాడన్నాడు. నూట యాభై! పిల్లలు ఈలలు, కేకలు.

భాస్కర్ లేచి బంతిని చూశాడు. తలెత్తితే ఎదురుగా తాయారమ్మ. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇప్పుడు తెలుస్తుంది నీ సంగతి, అనుకుంది ఆవిడ.

అతను రిఫరీ దగ్గరకు పరిగెత్తి ఏదో చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. భాస్కర్ అక్కడినుంచి స్కోరు బల్ల దగ్గరకు వచ్చాడు.

"తారా, అది కింద తగిలింది. రాయకు."

"రిఫరీ ఇచ్చాడుగా!"

"ఆయన దూరంగా ఉన్నాడు. నాను సెప్తన్నాను కదా."

"యబాదే, యబాదే" అంది తార, పరవాలేదని బర్మా భాషలో సర్దిచెబుతూ. "నువ్వు సూడలేదు, నేను సూడలేదు. నోరుమూసుకుని ఎల్లి ఆడు." కలం అప్పటికే కదిలింది.

భాస్కర్ వెళ్లిపోయాడు. తాయారమ్మ కూతురి వంచిన మెడనే చూస్తూ ఉండిపోయింది. గొడుగు పక్కకు ఒరిగి ఎండ మొహాన పడుతున్నా కదల్లేదు.

పోలీసులు వచ్చిన రోజు గుర్తొచ్చింది. గుడ్డ దొరికింది బావ దగ్గర కాదు, అక్క మంచం కింద. పురుగు పట్టకుండా మధ్యమధ్య వేపాకు వేసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉంది. తెచ్చింది బావే. మరి ఆ మడతలు ఎవరివి? ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. రిసీవరన్న పేరు బావకే అంటుకుంది.

దారిలో తార అడిగింది: "ఏటమ్మా మాటాడవు? సూశావు కదా, దొంగాటేం లేదు కదా?"

"అబ్బాయి కాడ లేదు" అంది తాయారమ్మ.

ఆదివారం లక్ష్మీదుర్గ కొడుకుతో వచ్చింది. తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి, చీర కొంగు సర్దుకుని, "వొదినా, మావోడి గురించి ఏటడగాలన్నా మొగమాటం లేకుండా అడగండి" అంది.

"ఒక్కటే అడుగుతాను. బాబూ, మొత్తం ఎన్ని పట్టినావు?"

భాస్కర్ తల వంచుకున్నాడు. "నూట నలభై తొమ్మిదండీ."

"నూట యాభై!" టీ పళ్లెంతో వస్తున్న తార గుమ్మంలోంచే సరిదిద్దింది. "రాసేశాను కదా, ఇంకేటి?"

లక్ష్మీదుర్గ అయోమయంగా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తాయారమ్మ కూతురి చేతిలోంచి పళ్లెం అందుకుని, మొదటి కప్పు కాబోయే వియ్యపురాలికి ఇచ్చింది.

"మీవోడు మాకు సమ్మతవే వొదినా. మీరే ఇంటికెళ్లి ఒకపాలి బాగా ఆలోసించుకోండి. ఈ సమ్మందంలో రిసీవరు మా పిల్ల."