తమ్ముడి డబ్బా ఒప్పుకోలేదు

ఒకప్పటి కోల్డ్ స్టోరేజీ షెడ్డులో రెండొందల మైనింగ్ యంత్రాలు నడుపుతుంది కాబట్టి అందరూ ఆమెను షెడ్డక్క అంటారు. జనం ఒకరికొకరు పంపుకునే డిజిటల్ నాణేల లావాదేవీలను ఆ యంత్రాలు బ్లాకులుగా పేరుస్తాయి. పేర్చినందుకు కొత్త నాణేలు దక్కుతాయి. ఫ్యాన్ల హోరుకి ఆమె ఎడమ చెవి ఎప్పుడో మొద్దుబారింది. ఆ హోరైనా భరించవచ్చు గాని, ఏడాదిగా సాగుతున్న మీటింగులతో ప్రాణం విసిగిపోయింది.

ఒక్కో బ్లాకులో ఎక్కువ లావాదేవీలు పడితే పంపేవాళ్ళకు ఫీజూ, ఎదురుచూపూ తగ్గుతాయని, బ్లాకు సైజు నాలుగింతలు చేయాలని, ఇలా యంత్రాలు నడిపే పెద్ద మైనర్ల పట్టు. "మనలో ముప్పాతిక మంది సరేనంటే పనైపోయినట్టేనమ్మా," అని వాళ్ళ కూటమి పెద్దాయన రోజూ ఫోను. చివరికి ఈ గోల వదిలితే చాలనుకుని ఆమె కూడా సరేనని తన యంత్రాల చేత సంకేతం పెట్టించింది.

ఆమె తమ్ముడు వాచీలు బాగుచేస్తాడు. కొట్లో గాజు బీరువా మీద అరచేతి వెడల్పు కంప్యూటర్ ఒకటి పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి బ్లాకునూ అది నిబంధనలతో సరిచూస్తుంది. తేడా ఉంటే అవతల పారేస్తుంది.

"అక్కా, పెద్ద బ్లాకుల్ని ఒప్పుకునే కొత్త ప్రోగ్రాం నేను ఎక్కించట్లేదు," అన్నాడు తల ఎత్తకుండానే. "బ్లాకులు అంత లావైతే నా డబ్బా మొయ్యలేదు. ఇక ఎవరో చెప్పింది నమ్ముకుని కూర్చోవాలి. ఆ భాగ్యానికి బ్యాంకులోనే దాచుకుంటే పోలా?"

"నీ డబ్బా ఎంత, నువ్వెంతరా? అదొక్కటీ ఒప్పుకోకపోతే కొంప మునుగుతుందా?"

"ఏమో. నాలాంటోళ్ళు ఎంతమందున్నారో నాకూ తెలీదు."

మార్పు అమలైన రోజు పొద్దున్నే కూటమి మొదటి పెద్ద బ్లాకు పేర్చింది. పెద్దాయన ఫోనులో ఒకటే కేరింతలు. మధ్యాహ్నానికి నాణేలను డబ్బుగా మార్చే సంస్థలు, ఆ నాణేలు తీసుకుని సరుకు అమ్మే దుకాణాలు ఒక్కొక్కటే ప్రకటన పెట్టాయి: మా కంప్యూటర్లు ఈ బ్లాకులను గుర్తించడం లేదు.

నమ్మబుద్ధి కాక ఆమె తమ్ముడి కొట్టుకు వెళ్ళింది. తెర మీద తమ కూటమి బ్లాకుల పక్కన వరసగా "చెల్లదు" అని ఉంది. తమ్ముడు స్టూలు జరిపాడు. ఆమె కూలబడింది.

"గెలిచావురా."

"గెలవడమేంటక్కా? నేను పంపింది చేరడానికీ గంటలు పడుతోంది. ఫీజు చూస్తే నాకూ కడుపు మండుతుంది. నిబంధన మార్చే సత్తా నాకూ లేదు. వద్దనగలను, అంతే."

అంతలో పెద్దాయన ఫోను. "కాస్త ఓపిక పట్టమ్మా. బలం మన దగ్గరుంది. వాళ్ళే దిగొస్తారు."

"బలం ఉంది బాబాయ్, పుచ్చుకునేవాడే లేడు. ఎవరికీ అక్కర్లేని బ్లాకులు పేర్చి నెత్తిన పెట్టుకు ఊరేగనా?"

"నువ్వు వెనక్కెళ్తే మిగతావాళ్ళూ వెళ్తారు."

"వెళ్ళనీ. నాకిక ఓపిక లేదు."

తమ్ముడు కొట్టు మూసి ఆమె వెంట షెడ్డుకు వచ్చాడు. పాత ప్రోగ్రాంకి మార్చాక సగం యంత్రాలు మొరాయించాయి. ఒక్కొక్కదాన్నీ ఆపి, వేడి తగ్గాక మళ్ళీ వెలిగించాలి. అతను నిచ్చెన పట్టుకున్నాడు, ఆమె పై వరసలు చూసింది. ఆ హోరులో సైగలతోనే పని సాగింది. సాయంత్రానికి పాత నిబంధన మీద యంత్రాలన్నీ నడిచాయి. పొద్దుటి నుంచీ పెద్ద బ్లాకులకు చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరయింది.

మర్నాటికి ఇంకో మూడు షెడ్లు వెనక్కి తిరిగాయి. మూడో రోజుకి పెద్దాయన కూడా తిరిగాడు. ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. నిబంధన ఉన్నచోటే ఉంది. ఫీజులూ తగ్గలేదు, జనం ఎప్పటిలాగే గంటల తరబడి ఎదురుచూస్తున్నారు. తిట్టుకోవడానికి కూడా ఎవరికీ ఓపిక మిగల్లేదు.