పళ్ళ డాక్టరు కారుకి పళ్ళు పీకిన కథ

ఇటు రండి, ఇంకాస్త దగ్గరికి రండి. ఆ టైరు మీద ఇద్దరు కూర్చోవచ్చు. జాకీ మీద మాత్రం వద్దు, అది కార్లని మోస్తుందేమో కానీ మిమ్మల్ని మోయదు. వెనకాల గుసగుసలాడుతున్న అక్కలూ, మీ ఆడపడుచుల సంగతి రేపటికి కూడా ఇలాగే ఉంటుంది, ఎక్కడికీ పారిపోదు. నా కథ మాత్రం నోరు దాటిందంటే మళ్ళీ పట్టుకోలేను. నోళ్ళు మూశారా? సరే, వినండి. అబద్ధం ఉప్పంత వేశాను, రుచి కోసం. మిగతాదంతా నా కళ్ళతో చూసిందే.

నా పంచర్ల కొట్టు పక్కన కార్ల సీట్లు కుట్టే ఆవిడ ఉండేది. చేతిలో సూది ఎంత పొడుగో మాట అంత పొట్టి. అందుకని ఆవిణ్ణి సూదక్క అనేవాళ్ళం. వాళ్ళ నాన్న పోతూ పోతూ చిన్న కూతురికని ఒక కారు వదిలి పోయాడు. చిన్న ఫ్రెంచి కారు, చిలకపచ్చ రంగుది.

ఆ కారు ఎలాంటిదో చెప్పకపోతే కథ నడవదు. గేరు కాడ స్టీరింగు పక్కన గొడుగు పిడిలా ముందుకి పొడుచుకుని ఉంటుంది. లాగితే ఒక గేరు, తోస్తే ఇంకో గేరు. పైకప్పు గుడ్డది, చాప చుట్టినట్టు చుట్టెయ్యవచ్చు. సీట్లు ఊడదీసి చెట్టు నీడలో వేసుకుని కునుకు తీయవచ్చు. తలుపు అడ్డమనిపిస్తే నాలుగు మరలు తిప్పి పీట ఎత్తినట్టు ఎత్తి గోడకి చేరేయవచ్చు. ఇక మలుపు వస్తే పడవలా ఒరుగుతుంది. నాకూ ఒకటి ఉండేది. ఒకసారి మార్కెట్టు మలుపులో ఎంత ఒరిగిందంటే, మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి కూరల బండి మీది క్యాబేజీ తీసుకుంది, నొక్కి చూసి బాగాలేదని వెనక్కి పెట్టింది, ఇంకోటి ఎంచుకుంది. ఆవిడ బేరం తేలాకే కారు నిటారుగా లేచింది.

ఇంకో ముక్క. ఈ కారుకి హారను స్టీరింగు మధ్యలో ఉండదు. పక్కకి తిరిగేటప్పుడు లైటు వేసే పుల్ల ఉంటుందే, దాని కొసన వేలితో నొక్కాలి. ఇది మాత్రం కొంగున ముడేసుకోండి. కథంతా ఆ పుల్ల కొస మీదే నిలబడి ఉంది.

సూదక్క నాన్న హారను జలుబు చేసిన బాతు తుమ్మినట్టు ఉండేది. "ప్రేంక్! ప్రేంక్!" అని వీధి మలుపులో రెండుసార్లు కొట్టేవాడు. అది వినబడితే చాలు, అక్కచెల్లెళ్ళిద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాళ్ళు.

సూదక్క వాళ్ళ అక్క మొగుడే మన పళ్ళ డాక్టరు. మామగారు పోయిన కొన్నాళ్ళకి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కారు చూస్తానని వచ్చాడు. జేబులోంచి చిన్న అద్దం, కొక్కెం తీసి, బోర్లా పడుకుని, కారు అడుగున టిక్కు టిక్కుమని పొడిచాడు.

"మరదలా, పుచ్చిపోయింది. రూటు దాకా వెళ్ళింది," అన్నాడు.

"ఏంటి బావగారూ పుచ్చింది?"

"అడుగు రేకమ్మా. అంతా తుప్పే. నువ్వు నడిరోడ్డు మీద ఉండగా రెండు ముక్కలవుతుంది. ముందు ముక్కలో స్టీరింగు పోతుంది, వెనక ముక్కలో నువ్వు ఉండిపోతావు."

"మొన్నటిదాకా నాన్న నడిపారు కదా."

"ఆయన అదృష్టవంతుడు. తలుపులు చూడు, ఎంత వదులో." అని లోపలికెక్కి స్టీరింగు మధ్యలో అరచేత్తో నొక్కాడు. చప్పుడు లేదు. "చూశావా? గొంతు కూడా పోయింది."

హారను అక్కడ కాదు బావగారూ అని సూదక్క చెప్పబోయింది. ఈలోగా వాళ్ళ అక్క అందుకుంది. "బావ చెప్తే వినవే. నాన్న పోయాడు చాలు. నువ్వు కూడా పోతావా?"

అంతే. పాత ఇనుము సామానుకిచ్చే ధర చేతిలో పెట్టి కారు పట్టుకెళ్ళిపోయాడు పళ్ళ డాక్టరు.

పట్టుకెళ్ళి చిలకపచ్చ మీద తెల్ల రంగు కొట్టించాడు. తెలుపంటే మామూలు తెలుపా? తోమిన పన్ను తెలుపు. ఆదివారం ఆదివారం మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో ఫ్రెంచి కార్ల వాళ్ళు పోగయ్యేవాళ్ళు. మంగలి, పోస్టుమాను, సంగీతం మాస్టారు, నేను. సంగీతం మాస్టారైతే తన ఇంజను శ్రుతి తప్పినప్పుడల్లా దానికి క్షమాపణ చెప్పేవాడు. ఎందుకయ్యా ఈ పిచ్చి అంటే ఏం చెబుతాం! కొత్త కార్లో వెళ్తే కుక్క కూడా తల ఎత్తదు. ఇందులో వెళ్తే ఊరంతా చేతులూపుతుంది. ఆ చేతులూపుడు కోసమే పళ్ళ డాక్టరు కూడా చేరాడు. చేరిన నెలకే మాకు అధ్యక్షుడైపోయాడు.

మనిషి భారీ. ఆ కార్లలో సీటు గుడ్డ రబ్బరు రింగుల మీద ఊయలలా వేలాడుతుంది. ఆయన కూర్చుంటే రింగులు పుటుక్కు పుటుక్కుమని తెగేవి. బాగుచేసేది ఎవరు? సూదక్కే. కూలి ఇచ్చేవాడా? "ఇంట్లోవాళ్ళ మధ్య కూలేంటి మరదలా," అని పళ్ళికిలించి పోయేవాడు.

ఒక ఆదివారం సూదక్క ఆ కారు వెనక సీటు కింద దూరి రింగులు తగిలిస్తోంది. లోపల మనిషి ఉందన్న సంగతే మరిచి, పళ్ళ డాక్టరు బానెట్టుకి ఆనుకుని మంగలితో గొప్పలు కొట్టుకుంటున్నాడు.

"అడుగున ఒక్క మచ్చ లేదయ్యా! ఉన్నదల్లా బురద. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. మా మరదలు ఒట్టి పిచ్చిది, పుచ్చిందంటే నమ్మేసింది. నా దగ్గరికొచ్చేవాళ్ళంతా అంతేలే. అద్దం నా చేతిలో ఉంటుంది, వాళ్ళకేం కనబడుతుంది?"

"ఆవిడకి తెలిస్తేనో?" అన్నాడు మంగలి.

"తెలిస్తే ఏం చేస్తుంది? సూదితో పొడుస్తుందా?"

సూదక్క అప్పుడు రబ్బరు రింగుని పంటితో పట్టుకుని ఉంది. అది రెండు ముక్కలైంది. బయటికొచ్చి చీర దులుపుకుని, "అయిపోయింది బావగారూ, హాయిగా కూర్చోండి," అంది. తిన్నగా నా కొట్టుకొచ్చింది.

"తమ్ముడూ, అలాంటిదే ఇంకో బండి కొనాలి. ఎంత పాడైతే అంత మంచిది."

"పాడైంది ఎందుకక్కా?"

"మా బావ నోటివెంట వచ్చినవన్నీ నిజమవ్వాలి. ఒక్క మాట కూడా అబద్ధంగా మిగలకూడదు. ఆ తరవాత నాన్న కారు నా ఇంటి ముందుండాలి."

ఆ మాటన్నప్పుడు ఆవిడ మొహంలో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. కేకలేసేవాళ్ళ పగ కేకతో పోతుంది. ఆవిడ పగ కుట్టుపని లాంటిది, కుట్టు పక్కన కుట్టు.

వెతగ్గా వెతగ్గా ఒక కోళ్ళ పెంపకందారు దగ్గర దొరికింది. వెనక సీటులో కోళ్ళు పొదుగుతున్నాయి. అమ్మేవాడు కదా, పొగడ్తలు మొదలెట్టాడు.

"అడుగు గట్టిదమ్మా, రాయి!"

"గట్టిదైతే నాకొద్దు," అని సూదక్క వెనక్కి తిరిగింది.

"అయ్యో, ఆగండమ్మా! గట్టిదేంటి, నా మొహం! ఒట్టు, చెయ్యి దూరుతుంది, చూడండి!"

"తలుపులు?"

"గాలొస్తే వాటంతటవే తెరుచుకుంటాయి. తుఫానొస్తే పక్కూరెళ్ళి వెతుక్కోవాలి."

"హారను?"

"చచ్చిపోయింది తల్లీ. నేనే పూడ్చాను."

"ఇంజను?"

"దగ్గుతుంది. మీరు నమ్మరు, నా కంటే ఎక్కువ దగ్గుతుంది!"

ఇంత నిజాయితీపరుణ్ణి నేను జన్మలో చూడలేదు. బండిని తాడు కట్టి లాక్కొచ్చాం. ఒక కోడి దిగనంటే దిగనని మాతోనే వచ్చింది, దారిలో గుడ్డు కూడా పెట్టింది. సూదక్క దానికి, బండికి సుమా, కోడికి కాదు, సరిగ్గా బావగారి పన్ను తెలుపే కొట్టించింది. పళ్ళ డాక్టరు పొంగిపోయాడు. "చూశారా, నేనంటే మా మరదలికి ఎంత గౌరవమో!"

ఇక మొదలైంది పీకుడు. ఆయన కారు సీట్ల కోసం వచ్చినప్పుడల్లా ఆవిడ దాంట్లోంచి ఒకటి ఊడదీసి తన బండికి పెట్టుకునేది, తన బండిదాన్ని దానికి బిగించేది. మొట్టమొదట పీకింది హారను. మధ్యలో నొక్కేవాడికి కొసన ఏముందో ఏం తెలుస్తుంది? తరవాత తలుపులు. తరవాత బానెట్టు. ఇంజను రోజైతే మేమిద్దరం పురిటిబిడ్డని మార్చినట్టు మార్చాం. అది ఏడవలేదు కూడా.

"మరదలా, తలుపు ఊగుతోందేంటి?"

"ఫ్రెంచివాళ్ళకి గాలంటే ఇష్టం బావగారూ."

"స్టార్టు చేస్తే దగ్గుతోంది!"

"పెద్దదైంది కదా బావగారూ, గౌరవించాలి."

"మరి ఈ కోళ్ళ వాసనేంటి?"

"పొద్దున్న మీరేం తిన్నారు బావగారూ?"

విచిత్రమేంటంటే, ఆయన ఆదివారం మా దగ్గరికొచ్చి ఇవన్నీ గొప్పలుగా చెప్పుకునేవాడు. "అసలైన ఫ్రెంచి కారంటే తలుపు ఊగాలి. ఊగడం లేదంటే మీది నకిలీ అన్నమాట!" అనేవాడు. పాపం పోస్టుమాను నమ్మి, ఇంటికెళ్ళి తన కారు తలుపుల మరలు తనే వదులు చేసుకున్నాడు. సగం ఊరి ఉత్తరాలు గాలికెళ్ళాయి.

ఏడాదికోసారి మాకు పోటీ ఉంటుంది. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న కారుకి బహుమతి. దానికి ముందు పళ్ళ డాక్టరు కార్లో కొత్త తివాచీ వేయమని కారుని సూదక్క దగ్గర వదిలిపెట్టాడు. ఆఖరిది, అడుగు, అప్పుడు మారింది. కోళ్ళ బండి తుప్పు రేకు మీద ఎర్ర తివాచీ పరిచి, అంచులు ఎంత ముచ్చటగా కుట్టిందంటే, ఆ తివాచీ మీద నాకే పడుకోవాలనిపించింది.

పోటీ రోజు వచ్చింది. తీర్పు చెప్పడానికి రిటైరైన రైలు డ్రైవర్ని పిలిచాం. ఆయన రంగు చూడడు, చక్రం చూడడు. కూత వినాలి, అంతే. పళ్ళ డాక్టరు పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా ఉన్నాడు. పక్కనే సూదక్క బండి.

"హారను కొట్టండి సార్," అన్నాడు రైలు డ్రైవరు.

పళ్ళ డాక్టరు స్టీరింగు మధ్యలో నొక్కాడు. మోచేత్తో నొక్కాడు. కడుపుతో కూడా నొక్కాడు. "అది పోయిందండీ. మా మామగారి హయాంలోనే పోయింది," అన్నాడు నీళ్ళు నములుతూ.

"నువ్వు కొట్టమ్మా."

సూదక్క పుల్ల కొసన వేలు పెట్టింది.

"ప్రేంక్! ప్రేంక్!"

అంతే, పళ్ళ డాక్టరు పెళ్ళాం తలుపు తోసుకుని దిగింది. చెప్పులు ఆ కార్లోనే ఉండిపోయాయి. "నాన్న! నాన్న హారనే అది!" అని పరిగెత్తుకొచ్చి చెల్లెలి బండి బానెట్టుని కావిలించుకుంది. ఆ నిమిషంలో మాత్రం మేమెవరమూ నవ్వలేదు.

పళ్ళ డాక్టరు కొక్కెం తీసుకుని ఉరికాడు. బానెట్టు మీద గీకాడు. తెలుపు కింద చిలకపచ్చ నవ్వింది.

"దొంగ! ఇది నా కారు!"

"మీ కారెలా ఉంటుంది బావగారూ?" అంది సూదక్క, నింపాదిగా. "నా దగ్గర తీసుకున్నప్పుడు దాని అడుగు ఎలా ఉందో అందరి ముందూ చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. బాగుందంటే అబద్ధమాడి కాజేసినట్టు పెళ్ళాం ముందే బయటపడుతుంది. పుచ్చిందంటే ఈ కారు తనది కాదు. ఎన్ని వందల నోళ్ళు తెరిపించాడో, తన నోరు మాత్రం మూతపడనూ లేదు, మాట రానూ లేదు.

"చెప్పరేం?" అంది పెళ్ళాం. "పుచ్చిపోయిందన్నారు కదా. నా చెల్లెలు చచ్చిపోతుందని నా చేత కూడా చెప్పించారు కదా."

"పుచ్చిందే... అప్పట్లో పుచ్చిందనే..."

"అయితే అదిగో మీది," అని సూదక్క చెయ్యి చూపించింది. "అడుగు పుచ్చింది, తలుపులు వదులు, గొంతు పోయింది. మీరు చెప్పిన కారే మీకిచ్చాను బావగారూ. ఒక్క మాట తేడా ఉంటే చూపించండి. పుచ్చినవి పీకెయ్యాలని మీరే అంటారు కదా? పీకి కట్టుడు పళ్ళు పెట్టాను."

మంగలి గొంతు సవరించుకున్నాడు. "అది బురదేమో డాక్టరుగారూ. తడిగుడ్డ తెమ్మంటారా?"

ఆ నవ్వుకి మార్కెట్టు కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి, కొన్ని ఇప్పటికీ తిరిగి రాలేదు. అక్క వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. "పోనీవే," అంది. ప్రేంక్ ప్రేంక్ మనిపిస్తూ అక్కచెల్లెళ్ళిద్దరూ వీధి మలుపు తిరిగారు. కారు ఎంత ఒరగాలో అంతా ఒరిగింది.

పళ్ళ డాక్టరు పళ్ళు నూరుకుంటూ తన కారెక్కి తలుపు ధడేలున వేశాడు. తలుపు ఊడి అవతల పడింది. ఆ అదురుకి సీటు రింగులన్నీ ఒక్కసారే తెగాయి. మనిషి కిందికి జారాడు, రేకు ఎండుటాకులా విరిగింది, తివాచీతో సహా రెండు పాదాలూ నేల మీద ఆనాయి. ఇంజను ఒకసారి దగ్గి ప్రాణం విడిచింది. దిగి నడుద్దామంటే అందరూ చూస్తున్నారు, కూర్చుందామంటే సీటు లేదు. ఏం చేస్తాడు? స్టీరింగు పట్టుకుని, తల ఎత్తి, లోపల్నించే అడుగులేస్తూ కారుని నడిపించుకుంటూ బయల్దేరాడు. కింద పాలిషు బూట్లు టకటకా, పైన పన్ను తెలుపు కారు. మేం పక్కకి జరిగి దారిచ్చాం. మలుపులో మర్యాదగా చెయ్యి బయటపెట్టి సైగ కూడా చేశాడు.

అటుగా గొడుగులు బాగుచేసేవాడొకడు పోతూ, ఆగి, ఆ కారు కనుమరుగయ్యేదాకా కన్నార్పకుండా చూశాడు. తరవాత నా భుజం తట్టి, చాలా గంభీరంగా అడిగాడు:

"ఆ మోడలుకి బూట్లు కంపెనీవాళ్ళే ఇస్తారా, మనమే కొనుక్కోవాలా?"